ఇంజన్ తిరిగేది ఆయిల్ పొర మీద

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ చిన్న ముక్కని మీ మధ్యకి పంపిస్తున్నాను. ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని చూడండి.

ఇది బిగ్ ఎండ్ బేరింగ్‌లో ఒక సగం. పిస్టన్‌ని, ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ అనే ఇరుసుకి కలిపే కడ్డీ కనెక్టింగ్ రాడ్. దాని కింది చివర క్రాంక్‌ని పట్టుకునే చోట ఇలాంటివి రెండు ఎదురెదురుగా కూర్చుంటాయి. కొత్తదైతే మసక వెండి రంగులో, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటుంది. మీ చేతిలో ఉన్నది రాగి రంగు తేలింది. మధ్యలో నల్లగా మాడింది. ఒక అంచు పక్కకి సాగి, పల్చటి రేకులా బయటికి వచ్చింది. ఇది నేను కట్టిన ఇంజన్‌లోది.

ఆ ఇంజన్ రెండు లీటర్లది, నాలుగు సిలిండర్లు. బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 86 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, అదీ 86. నెలల తరబడి సాయంత్రాలు కూర్చుని కట్టాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లు (లోహాన్ని గట్టిగా నొక్కి చేసినవి), వాల్వుల్ని తెరిచే కొత్త క్యామ్‌లు, గట్టి వాల్వ్ స్ప్రింగులు వేశాను. గాలి వచ్చిపోయే పోర్టులు నా చేత్తోనే సరిచేశాను. పవర్ కొలిచే డైనో మీద వచ్చిన అంకె చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం. మూడోసారి ట్రాక్‌కి వెళ్ళినప్పుడు, పొడవాటి కుడి మలుపులో ఫుల్ థ్రాటిల్ మీద ఉండగా ఆయిల్ ప్రెషర్ లైటు ఒక్కసారి మినుక్కుమంది. మలుపు దాటగానే ఆరిపోయింది. నేను ఆగలేదు. రెండు ల్యాప్‌ల తర్వాత ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు మొదలైంది.

విప్పి చూస్తే మూడో సిలిండర్ రాడ్ బేరింగ్ ఇలా ఉంది. క్రాంక్ మీద గాట్లు పడ్డాయి. రాడ్ వేడికి నీలం రంగు తిరిగింది. కానీ పిస్టన్లు, క్యామ్‌లు, వాల్వులు అన్నీ బాగున్నాయి. పవర్ కోసం నేను వేసిన ఒక్క భాగం కూడా చెడిపోలేదు. చెడగొట్టింది నేను అసలు పట్టించుకోని భాగం, రోడ్డు కారుకని చేసిన ఆయిల్ సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. దాన్ని కడిగి, రంగు వేసి, ఉన్నదున్నట్టు మళ్ళీ బిగించాను.

అప్పటి నుంచి నేను ఇంజన్ కట్టే వరసే మారిపోయింది. ముందు ఆయిల్ గురించి ఆలోచిస్తాను. తర్వాత కొలతలు. పవర్ సంగతి ఆ తర్వాతే. ఈ రోజు నా మాటలు కూడా అదే వరసలో నడుస్తాయి.

క్రాంక్ బేరింగ్‌కి తగలకుండా ఎలా తిరుగుతుందో ముందు చూద్దాం. ఆయిల్ పంపు ప్రెషర్ క్రాంక్‌ని పైకెత్తి మోస్తుందని చాలామంది అనుకుంటారు. పంపుకి అంత బలం లేదు. పంపు పని ఆయిల్‌ని అక్కడిదాకా చేర్చడమే. తిరుగుతున్న జర్నల్, అంటే బేరింగ్‌లో కూర్చునే క్రాంక్ భాగం, తనతో పాటు ఆయిల్‌ని ఇరుకు వైపుకి లాక్కెళ్తుంది. ఇరుకులో చిక్కిన ఆయిల్ దుంగ కిందికి దూర్చిన ఏటవాలు చెక్కముక్కలా గట్టిగా పనిచేసి, పంపు ఇచ్చేదానికంటే ఎన్నో రెట్ల ఒత్తిడిని తనే పుట్టిస్తుంది. భారం ఎక్కువగా ఉన్న క్షణంలో ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే. అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. ఇంజన్ మొత్తం బతికేది ఆ పొర మీదే.

ఇప్పుడు వేగం చూడండి. 48 మిల్లీమీటర్ల జర్నల్ 8,000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతుంటే దాని ఉపరితలం సెకనుకి 20 మీటర్ల వేగంతో బేరింగ్ మీద జారుతుంది. క్రాంక్ ఒక్క సెకనులో 133 చుట్లు తిరుగుతుంది. పంపు ఒక్క సెకను గాలి పీల్చిందంటే ఆ 133 చుట్లలో ఎన్ని ఎండు చుట్లో ఊహించుకోండి. పైగా ఆయిల్ ముందు, క్రాంక్‌ని ఇంజన్ బ్లాకులో పట్టుకునే మెయిన్ బేరింగులకి వెళ్ళి, అక్కడి నుంచి క్రాంక్ లోపల తొలిచిన సన్నటి దారుల్లోంచి రాడ్ బేరింగులకి చేరుతుంది. వరసలో చివర ఉన్నది రాడ్ బేరింగే కాబట్టి కరువు వస్తే ముందు ఎండేది కూడా అదే.

మరి రోడ్డు మీద ఏళ్ళ తరబడి ఏమీ కాని ఇంజన్ ట్రాక్ మీద ఎందుకు చచ్చిపోతుంది? మొదటి కారణం మలుపు. మంచి టైర్లున్న కారు మలుపులో 1 జీ పక్క బలం తెచ్చుకోగలదు. 1 జీ అంటే కారు బరువంత బలం పక్కకి లాగుతోందని అర్థం. అప్పుడు సంప్‌లో ఆయిల్ మట్టం సరిగ్గా 45 డిగ్రీల ఏటవాలులో నిలబడుతుంది. గిన్నెని అంత వంచి పట్టుకుంటే నీళ్ళు ఎటు పోతాయో అలాగే. కుడి మలుపులో ఆయిల్ అంతా ఎడమ గోడ ఎక్కేస్తుంది. పంపుకి ఆయిల్ పీల్చే పికప్ గొట్టం ఖాళీలో మిగిలిపోతుంది. రోడ్డు మీద ఇంత గట్టి మలుపు దొరికినా అర సెకనే. ట్రాక్ మీద అది నాలుగైదు సెకన్లు ఉంటుంది, ప్రతి ల్యాప్‌లోనూ వస్తుంది.

రెండోది, ఇంజన్ తిరిగే వేగం. పిస్టన్‌ని పైన ఆపి కిందికి తిప్పడానికి కావలసిన బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 7,000 నుంచి 8,000కి వెళ్తే వేగం పెరిగింది 14 శాతమే, బలం మాత్రం 30 శాతం పెరుగుతుంది. హోండా ఎస్2000లో మొదట వచ్చిన ఎఫ్20సీ ఇంజన్ తీసుకోండి. 84 మిల్లీమీటర్ల స్ట్రోక్, 9,000 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది. అక్కడ పిస్టన్ సగటు వేగం సెకనుకి 25 మీటర్లు. పైకొనలో పిస్టన్ మీద పడే త్వరణం గురుత్వాకర్షణకి దాదాపు 4,800 రెట్లు. పిస్టన్, పిన్, రింగులు కలిపి అరకిలో అనుకుంటే, ఆ క్షణంలో రాడ్‌కి 2,400 కిలోల బరువు వేలాడదీసినట్టు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పైనుంచి ఆపే మంట ఒత్తిడి కూడా ఉండదు. ఆ లాగుడంతా రాడ్ బోల్టుల మీద పడుతుంది.

మూడోది వేడి. రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ కొన్ని సెకన్లే. ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్‌లో చాలా భాగం అదే. ఆయిల్ వేడెక్కి పల్చబడుతుంది, పల్చబడితే పొర సన్నబడుతుంది.

ఇక విప్పడం గురించి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అందరూ తొందరపడేది ఇక్కడే. పాత ఇంజన్ తన చరిత్ర అంతా చెప్పేది విప్పేటప్పుడు ఒక్కసారే. భాగాలన్నీ తీసి ఒకే తొట్టిలో వేసి కడిగేస్తే ఆ చరిత్ర మురికితో పాటు పోతుంది.

విప్పడానికి ముందే లీక్ డౌన్ పరీక్ష చేయండి. సిలిండర్‌లోకి తెలిసిన ఒత్తిడితో గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో చూడటమే ఈ పరీక్ష. కంప్రెషన్ పరీక్ష కంటే నాకు దీని మీదే నమ్మకం, ఎందుకంటే గాలి ఎటు పోతోందో చెవితోనే తెలుస్తుంది. సైలెన్సర్‌లో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి లోపలికి వచ్చే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర అయితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్, లేదా హెడ్‌లో (సిలిండర్ల పై మూతలో) పగులు.

తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితాన్ని పరిచి చూడండి. అయస్కాంతానికి అంటుకునే రవ్వలు ఇనుమువి, అంటే క్రాంక్, క్యామ్ లేదా రింగులు. అంటుకోకుండా వెండిలా మెరిసేవి పిస్టన్ అల్యూమినియమో బేరింగ్ పై పూతో అయి ఉంటాయి. రాగి రంగు కనిపిస్తే బేరింగ్ పై పొర దాటి అరిగిపోయింది.

హెడ్ దించాక పిస్టన్ తలని పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. అంచుల్లో ఇసుక చల్లి కొట్టినట్టు సన్నటి గుంటలు కనిపిస్తే అది డిటనేషన్. మంట సాఫీగా పాకకుండా మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలిపోయిన గుర్తులవి. ఆ ఇంజన్‌కి ఎంత మంచి పిస్టన్లు వేసినా ట్యూనింగ్ మార్చకపోతే అవీ అలాగే పోతాయి.

బేరింగులని మాత్రం తీసిన వరసలోనే, పై సగం కింది సగం పక్కపక్కన పెట్టి, తెల్లగుడ్డ మీద పరచండి. రాడ్‌లో పై సగం మంట దెబ్బని మోస్తుంది. కింది సగం, అంటే క్యాప్ (బోల్టులు విప్పి తీసే మూత) వైపు ఉన్నది, పిస్టన్‌ని వెనక్కి లాగే బరువుని మోస్తుంది. పై సగాలన్నీ నలిగి ఉంటే డిటనేషన్‌ని అనుమానించాలి. కింది సగాలు నలిగి ఉంటే ఎవరో ఇంజన్‌ని హద్దు దాటి తిప్పారు, గేరు మార్చబోయి కింది గేరులో వేసినప్పుడు ఇదే జరుగుతుంది. ఒకవైపు అంచు మాత్రమే అరిగితే రాడ్ వంగి ఉండవచ్చు. చుట్టూ సన్నటి గీతలుంటే ఆయిల్‌లో మురికి తిరిగింది. నా మొదటి ఇంజన్ రోడ్డు మీద తిరిగినప్పటి బేరింగులు నేను ఇలా చూసి ఉంటే, క్యాప్ వైపు మెరుపు అప్పటికే కనిపించి ఉండేది. అప్పుడు వాటిని చూడకుండానే పారేశాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంకొకటి. మెయిన్ బేరింగుల క్యాపులు ఒకదాని చోట ఒకటి పెట్టకూడదు. ఫ్యాక్టరీలో వాటిని బ్లాకుకి బిగించి, అన్నిటినీ కలిపి ఒకే గీతలో తొలుస్తారు. ఇప్పటి రాడ్లు చాలావరకు విరగ్గొట్టి రెండు చేసినవి. ఆ విరుపు గరుకు ఒక్కో రాడ్‌కీ వేరుగా ఉంటుంది, దాని క్యాపు దానికే కూర్చుంటుంది. విప్పే ముందే గుర్తులు పెట్టుకోండి.

బ్లాకు దగ్గరికి వద్దాం. చాలా కిలోమీటర్లు తిరిగిన పాత బ్లాకు పనికిరాదని కొందరంటారు. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన బ్రాబమ్ కారులో బీఎండబ్ల్యూ టర్బో ఇంజన్ ఉండేది. ఒకటిన్నర లీటర్లది. దాని బ్లాకు మామూలు రోడ్డు కార్లలో వాడిన ఎం10 ఇంజన్ బ్లాకు నుంచి వచ్చినదే. కాబట్టి బ్లాకుని వయసుతో తూచకండి. పగుళ్ళు ఉన్నాయా అని పరీక్ష చేయించండి, తర్వాత కొలవండి.

కొలవడం అంటే ప్రతి సిలిండర్‌నీ పైన, మధ్యలో, కింద, మూడు ఎత్తుల్లో, ప్రతి ఎత్తులోనూ రెండు దిక్కుల్లో బోర్ గేజ్‌తో చూడటం. నాలుగు సిలిండర్లకి 24 అంకెలు వస్తాయి. అన్నీ రాసుకోండి. కొలిచే గది, బ్లాకు, పిస్టన్, మైక్రోమీటరు ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్నది 20 డిగ్రీలు. 86 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మనం వాదించుకునే సందులే వందో వంతు మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు, ఎండలోంచి తెచ్చిన పిస్టన్‌ని అలాగే కొలిస్తే ఆ అంకెకి అర్థం లేదు. నేను భాగాలన్నీ ముందు రోజు రాత్రే ఒకే బల్ల మీద పెట్టి వదిలేస్తాను.

బోర్ కొట్టించి హోనింగ్ (సిలిండర్ గోడని రాయితో సన్నగా రుద్దడం) చేయించేటప్పుడు టార్క్ ప్లేటు పెట్టమని అడగండి. హెడ్ బోల్టులు బిగించినప్పుడు బ్లాకు పై భాగం లాగబడి, గుండ్రటి సిలిండర్ కాస్త వంకర పోతుంది. వట్టి బ్లాకుని ఎంత గుండ్రంగా చేసినా హెడ్ బిగించాక ఆ గుండ్రం నిలవదు. అందుకే హెడ్‌కి బదులు మందపాటి లోహపు పలకని, అదే రకం గ్యాస్కెట్‌తో, అవే బోల్టులతో, అదే టార్క్‌కి బిగించి, ఆ వంకర ఉన్న స్థితిలోనే హోనింగ్ చేస్తారు. హెడ్ ఎక్కాక సిలిండర్ నిజంగా గుండ్రమవుతుంది. రింగులు గోడకి చుట్టూ ఆనుకుంటాయి.

పిస్టన్లలో రెండు మిశ్రమలోహాల పేర్లు మీకు వినిపిస్తాయి, 4032, 2618. రెండూ ఫోర్జ్‌డ్ పిస్టన్లకి వాడేవే. 4032లో సిలికాన్ దాదాపు 12 శాతం ఉంటుంది. వేడికి తక్కువ పెరుగుతుంది కాబట్టి గోడకీ దానికీ మధ్య సందు తక్కువ ఉంచవచ్చు, చల్లటి ఇంజన్‌లో చప్పుడు ఉండదు. 2618లో సిలికాన్ చాలా తక్కువ. వేడికి ఎక్కువ పెరుగుతుంది, సందు ఎక్కువ కావాలి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు గోడలకి కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది. కానీ డిటనేషన్ దెబ్బకి పెళుసుగా విరగదు, ఓర్చుకుంటుంది. ట్రాక్ మీదే తిరిగే టర్బో ఇంజన్‌కి నేను 2618 వేస్తాను. రోడ్డు మీద కూడా తిప్పే, టర్బో లేని ఇంజన్‌కి 4032 చాలు. సందు ఎంత ఉండాలన్నది పిస్టన్‌తో వచ్చిన కాగితం చెప్పినట్టే చేయండి, ఎందుకంటే పిస్టన్ కింది భాగమైన స్కర్ట్ ఆకారం ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది.

రింగుల కొసల మధ్య సందు ఇంకా ముఖ్యం. వేడికి రింగు పొడవు పెరిగి కొసలు ఒకదానికొకటి తగిలితే ఇక అది పెరగడానికి చోటుండదు. గోడని గీకేస్తుంది, లేదా పిస్టన్‌లో రింగు కూర్చునే గట్టుని విరగ్గొడుతుంది. టర్బో లేని ఇంజన్‌లో పై రింగుకి బోర్ వ్యాసంలో వెయ్యికి నాలుగు వంతులు వదులుతారు. 86 మిల్లీమీటర్లకి అది దాదాపు 0.34. గట్టిగా బూస్ట్ పెట్టే, అంటే గాలిని ఒత్తిడితో తోసే, టర్బోకి వెయ్యికి ఆరు వంతులు, అంటే 0.5 దాటుతుంది. కాస్త ఎక్కువ వదిలితే పోయేది పిసరంత పవర్. తక్కువ వదిలితే పిస్టన్ పోతుంది. ఏ రింగు ఏ సిలిండర్‌కో ఆ సిలిండర్‌లోనే పెట్టి ఫీలర్ గేజ్‌తో చూసి అరగదీయండి.

రాడ్ బోల్టులు. నా దృష్టిలో మొత్తం ఇంజన్‌లో వీటికంటే పెద్ద బాధ్యత మోసేవి లేవు. బోల్టు ఒక స్ప్రింగు లాంటిది, బిగిస్తే సాగుతుంది, ఆ సాగడం వల్లే రెండు ముక్కల్ని గట్టిగా అదిమి ఉంచుతుంది. టార్క్ పానా ఆ సాగుడుని కొలవదు, తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలుస్తుంది. మనం పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు తల కింద రాపిడికి, మర రాపిడికి పోతాయి. బోల్టుని సాగదీసేది మిగిలిన ఒక వంతే. ఆయిల్ రాసి బిగిస్తే ఒకలా, తయారీదారు ఇచ్చిన గ్రీజు రాసి బిగిస్తే ఇంకోలా సాగుతుంది. అందుకే రేసింగ్ రాడ్లలో బోల్టు రెండు చివర్లకీ గేజ్ ఆనించి, ఎంత పొడవు పెరిగిందో నేరుగా కొలుస్తారు. చాలా బోల్టులకి అది 0.15 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కచ్చితమైన అంకె బోల్టుతో వచ్చే కాగితంలో ఉంటుంది. బిగించక ముందు ఒక్కో బోల్టు పొడవు రాసి పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు విప్పినా కొలిచి చూడవచ్చు. మొదటి పొడవుకి తిరిగి రాని బోల్టు తన పని అయిపోయిందని చెప్తున్నట్టే. దాన్ని మళ్ళీ వాడకండి.

ఇప్పుడు బేరింగ్ సందు. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు అన్నది పాత లెక్క, ఇప్పటికీ మంచి మొదలు. 48 మిల్లీమీటర్ల జర్నల్‌కి 0.048. వెంట్రుక మందం కంటే తక్కువ. ట్రాక్ ఇంజన్‌కి చాలామంది దీనికంటే రవ్వంత ఎక్కువ వదులుతారు, వేడిలో ఆయిల్ ఎక్కువగా పారి బేరింగ్‌ని చల్లబరచడానికి. కొలిచే పద్ధతి ఇది. రాడ్‌లో బేరింగులు పెట్టి, బోల్టులు అసలు బిగింపుకి బిగించి, మైక్రోమీటర్‌తో జర్నల్ కొలిచి, ఆ అంకెకి బోర్ గేజ్‌ని సున్నా చేసి, రాడ్ లోపల నిలువునా చూడాలి. గేజ్ చూపించే తేడానే మీ సందు. జర్నల్‌కీ బేరింగ్‌కీ మధ్య పెట్టిన ప్లాస్టిక్ పోగుని నలిపి వెడల్పు చూసే పద్ధతి కూడా ఉంది. తప్పు అనను, పెద్ద పొరపాటు పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కానీ జర్నల్ కోలగా అరిగిందా, ఒకవైపుకి సన్నబడిందా అన్నది అది చెప్పదు.

సందు కుదరకపోతే నిరాశపడకండి. బేరింగులు ఒకే సైజులో సన్నవి, మందమైనవి కూడా దొరుకుతాయి. ఒక్కోసారి మూడు సెట్లు పెట్టి చూడాల్సి వస్తుంది. నాకు ఇంజన్ మొత్తంలో ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే.

ఇక కడగడం. హోనింగ్ రాయి పొడి సిలిండర్ గోడ గీతల్లో ఇరుక్కుపోతుంది. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిస్తే జిడ్డు పోతుంది, పొడి పోదు. వేడినీళ్ళు, సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ విప్పి, సన్నటి పొడవాటి బ్రష్షులు దూర్చి, నీళ్ళు ఆ చివర తేటగా వచ్చేదాకా కడగండి. వెంటనే గాలితో ఆరబెట్టి, తుప్పు పట్టకుండా ఆయిల్ రాసి, తెల్లగుడ్డతో గోడల్ని తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు కనిపిస్తే మళ్ళీ సబ్బు, మళ్ళీ నీళ్ళు. నేను ఒక బ్లాకుని ఐదుసార్లు కడిగాను. క్రాంక్ లోపలి దారుల్ని కూడా మరచిపోకండి. పాత బేరింగ్ రవ్వలు దాక్కునేది అక్కడే. బేరింగ్ ఒకసారి పోయిన ఇంజన్‌లో ఆయిల్ కూలర్‌ని కడిగి వాడటం నేను చేయను, కొత్తది వేస్తాను. దాని సన్నటి గొట్టాల్లోంచి చివరి రవ్వ దాకా తీయగలమని నాకు నమ్మకం లేదు.

హెడ్ గురించి తక్కువే చెప్తాను, అది ఇంకో రోజంతా మాట్లాడాల్సిన విషయం. ఒక్కటి మాత్రం తప్పక చేయండి. కొత్త క్యామ్ వేసినా, హెడ్ గీయించినా, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. పిస్టన్ తల మీద మెత్తటి క్లే అద్ది, హెడ్ బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, హెడ్ తీసి, క్లేని కోసి మందం కొలవాలి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 అన్నవి మామూలుగా పెట్టుకునే హద్దులు. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వు వేడికి పొడవు పెరుగుతుంది, పైగా మూసుకుంటుంటే పిస్టన్ వెనకాలే తరుముకొస్తుంది.

సంప్ దగ్గరికి తిరిగి వస్తున్నాను. తక్కువలో చేయగలిగింది సంప్ లోపల అడ్డుగోడలు కట్టడం. పికప్ చుట్టూ చిన్న గదిలా చేసి, దానికి లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపులు పెడతారు. మలుపులో ఆయిల్ లోపలికి వస్తుంది, బయటికి పోలేదు. క్రాంక్ కింద ఒక పలక పెడితే తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి నురగ చేయకుండా ఆపుతుంది. ఇంకొక దారి, ఒత్తిడితో ఆయిల్ నింపి పెట్టుకునే సిలిండర్. ప్రెషర్ పడిపోయిన క్షణంలో అది తన ఆయిల్‌ని ఇంజన్‌లోకి తోస్తుంది. అన్నిటికంటే మంచిది డ్రై సంప్. సంప్‌లో ఆయిల్ నిల్వే ఉండదు. వేరే పంపులు దాన్ని గాలితో పాటు పీల్చి, బయట ఉన్న ఎత్తైన సన్నటి ట్యాంకులో పోస్తాయి. అక్కడ గాలి విడిపోయాక అడుగు నుంచి ఇంజన్‌కి వెళ్తుంది. ట్యాంకు సన్నగా, లోతుగా ఉంటుంది కాబట్టి ఎంత మలుపైనా అడుగున ఆయిల్ ఉంటుంది. గాడులు లేని, పట్టు ఎక్కువైన స్లిక్ టైర్లు వేసేవాళ్ళు దీని గురించి మొదటి రోజునుంచే ఆలోచించాలని నా సలహా.

సంప్ బాగుంటే చాలదు, ఆయిల్ దానిలోకి తిరిగి కూడా రావాలి. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 దీనికి పేరు మోసిన ఉదాహరణ. చాలా గట్టి బ్లాకున్న గొప్ప ఇంజన్. కానీ ఎక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువసేపు ఉంటే ఆయిల్ హెడ్‌లోకి ఎక్కువగా వెళ్ళి, దిగిరావడానికి ఆలస్యమై, కింద సంప్ ఖాళీ అయ్యేది. అందుకే దాన్ని ట్రాక్‌కి కట్టేవాళ్ళు హెడ్‌కి వెళ్ళే దారిని ఇరుకు చేస్తారు, దిగే దారుల్ని పెద్దవి చేస్తారు. మొదట్లో వచ్చిన క్రాంకుల్లో ఆయిల్ పంపుని తిప్పే అంచుల పొడవు తక్కువ. రెవ్ లిమిటర్‌ని పదేపదే తాకితే పంపు గేరు పగిలేది. తర్వాత నిస్సాన్ ఆ అంచుల పొడవు పెంచింది.

డ్యాష్‌బోర్డు లైటుని నమ్మకండి. ప్రెషర్ దాదాపు అంతా పోయాక గాని అది వెలగదు. ప్రెషర్ సెన్సార్ పెట్టి లాగింగ్ చేయండి, అంటే అంకెలు నమోదయ్యేలా చూడండి, మలుపులోని పక్క బలాన్ని కూడా అదే గ్రాఫ్ మీద వేయండి. 1,000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ అన్నది పాతకాలపు లెక్కే అయినా చూసుకోవడానికి బాగుంటుంది. పక్క బలం పెరిగిన చోటల్లా ప్రెషర్ గీత కిందికి వంగుతుంటే మీ సంప్ పని పూర్తి కాలేదు.

మొదటి స్టార్ట్. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంధనం ఆపి, గేజ్‌లో ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తోనే తిప్పండి. ప్లగ్గులు లేకపోతే కంప్రెషన్ భారం లేకుండా బేరింగులకి ఆయిల్ అందుతుంది. తర్వాత స్టార్ట్ చేసి, లీకులు చూసి, వేడెక్కాక ఎక్కువసేపు ఐడిల్‌లో వదలకండి. రింగుల్ని గోడకి నొక్కేది సిలిండర్‌లోని ఒత్తిడి. ఆ ఒత్తిడి రావాలంటే ఇంజన్ మీద లోడ్ ఉండాలి. మధ్యస్థ ఆర్‌పీఎంలో లోడ్ ఇస్తూ, వదులుతూ, మళ్ళీ ఇస్తూ నడపండి. మెత్తగా చాలాసేపు తిప్పితే గోడ మీది గీతలు నునుపు తేలిపోతాయి, రింగులు సరిగ్గా కూర్చోవు. మొదటి ఆయిల్ కొద్దిసేపటికే మార్చేయండి, ఫిల్టర్ కోసి చూడండి.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒకరు: మందమైన ఆయిల్ వేస్తే ఈ ఇబ్బంది తీరదా?)

మంచి ప్రశ్న. ఆయిల్ మందం బేరింగ్ సందుకి, ట్రాక్ మీద మీ ఆయిల్ చేరే ఉష్ణోగ్రతకి తగినట్టు ఉండాలి. సందు ఎక్కువ వదిలి, ఆయిల్ 120 డిగ్రీలకి వెళ్తుంటే 50 గ్రేడ్ వేయడం సబబే. కానీ సందు తక్కువగా ఉన్న ఇంజన్‌లో మందమైనది పోస్తే గేజ్‌లో ప్రెషర్ బాగా కనిపిస్తుంది, బేరింగ్‌లోకి పారేది తగ్గుతుంది, వేడి అక్కడే ఉండిపోతుంది. పికప్ గాలి పీలుస్తుంటే మాత్రం ఏ గ్రేడైనా ఒకటే.

(మరొకరు: పవర్ గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. ఎంత పెరుగుతుంది?)

క్యామ్, పోర్టులు, కంప్రెషన్, బూస్ట్, వీటిలో మీరు ఏం మార్చారన్న దాని మీద ఉంటుంది. కింది భాగాన్ని జాగ్రత్తగా కట్టడం వల్ల నేరుగా వచ్చేది తక్కువే, రింగులు బాగా కూర్చున్నందువల్ల వచ్చే కొంచెం. మీరు ఎంత ఆర్‌పీఎం దాకా ధైర్యంగా వెళ్ళగలరో, ఎంతసేపు అక్కడ ఉండగలరో దాన్ని నిర్ణయించేది మాత్రం కింది భాగమే. సెషన్ చివరి ల్యాప్‌లో కూడా మొదటి ల్యాప్‌లోని పవర్ ఉండటం నాకు డైనో అంకె కంటే ఎక్కువ.

(ఇంకొకరు: మళ్ళీ ఎప్పుడు విప్పాలి?)

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఇంజన్ తిరిగిన గంటలు రాయండి. ఒక్కో ఇంజన్‌కి ఒక్కో లెక్క. ప్రతి ట్రాక్ రోజు తర్వాతా లీక్ డౌన్ చేసి, ఫిల్టర్ కోసి, ఆ రెండూ పుస్తకంలో రాస్తే ఎప్పుడు విప్పాలో ఆ పుస్తకమే చెప్తుంది. మొదటిసారి మాత్రం అంకెలు బాగున్నా, కొన్ని గంటలకే సంప్ దించి ఒకటి రెండు రాడ్ క్యాపులు తీసి చూస్తాను. ఆ చేసిన పని ఎలా ఉందో తెలుసుకోవాలని మనసు ఆగదు. ఇదిగో, ఈ రెండో బేరింగ్ అలా తీసిందే. అదే బ్లాకు, అదే మూడో సిలిండర్, అదే ట్రాక్, లోపల గది కట్టిన సంప్‌తో 20 గంటలు తిరిగింది. అంచుల్లో కాస్త మెరుపు వచ్చింది, మధ్యలో ఆ మసక వెండి రంగు అలాగే ఉంది. ముందు వరసలో ఉన్న ఆ మాడిన ముక్కని కూడా ఈ బల్ల మీదికి పంపండి, రెండూ పక్కపక్కన పెడతాను. దగ్గరికి వచ్చి చూడండి, గోటితో మాత్రం గీయకండి.